మందివ్వని డాక్టరు

సర్వేశ్వరరావును డాక్టరుగారూ అంటే కోపం. అనకపోతే ఇంకా కోపం.

"మందిచ్చే డాక్టర్ని కాను, పరిశోధన చేసిన డాక్టర్ని," అని అరకు సంతలో పసుపు అమ్మేవాళ్లకి కూడా నిలబెట్టి చెప్పేవాడు. మద్రాసులో ఆరేళ్లు మలేరియా క్రిమిని చదివి డాక్టరేటు పట్టా తెచ్చుకున్నాడు. ఆ పట్టాతో ఆసుపత్రికి వెళితే ఎంబీబీఎస్ లేదన్నారు. కాలేజీకి వెళితే, ఇంత చదివినవాడు పిల్లలకి కప్పను కోయడం ఏం నేర్పుతాడన్నారు. మందుల కంపెనీవాళ్లు కాఫీ ఇచ్చి, అమ్మకాలు చేతనవునా అని అడిగారు. చివరికి అరకులో దోమలు పట్టే టెంపరరీ ఉద్యోగం దొరికింది.

తలుపు మీద 'డాక్టర్' అని రాసుకున్నాడు. పై ఆఫీసు చెరిపేయమంది. అక్షరాలు రెండింతలు చేసి, సరిగా కనబడడం లేదేమోనని పెద్దవి చేశానని జవాబు రాశాడు.

గది ఊడ్చే దేముడమ్మకి ఈ తగువు అంతుపట్టలేదు. "డాకటేరుబాబూ అంటే కోప్పడతావు, అనకపోతే పలకవు. మరేటని పిలవాల?"

బాగా ఆలోచించాడు. "అలాగే పిలు. నేను కాదంటాను."

ఒక వానాకాలం సోంబరు అనే కొండరైతు కూతుర్ని డోలీలో మోయించుకొచ్చాడు. గుంట ఒళ్లు కాలిపోతోంది. రక్తంలో చూస్తే మలేరియా క్రిమి లేదు. ఇంకేమిటో తేల్చే చదువు తనది కాదు. సర్వేశ్వరరావు డోలీకి తనూ ఒక భుజం ఇచ్చి, ఘాట్ దిగి ఆసుపత్రిలో చేర్చాడు. గుంట బతికింది. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మరుసటి ఏడు వరహాలరావు అనే పై అధికారి వచ్చాడు. అరకులో ఉన్న సర్కారు మందుల గదికి ఏడాదిగా డాక్టరు లేడు. డాక్టరు హాజరు వేసే రిజిస్టరు తెచ్చి సర్వేశ్వరరావు ముందు పెట్టాడు.

"డాక్టరని మీరు సంతకం పెట్టండి. ఏ డాక్టరో ఎవరడుగుతారు? మిమ్మల్ని పర్మనెంటు చేయిస్తాను."

సర్వేశ్వరరావు కలానికి మూత పెట్టాడు. "నేను పెడితే కాగితం మీద డాక్టరున్నట్టే. ఇక అసలువాడిని పంపరు. మీరు పర్మనెంటు చేస్తానన్నది నన్ను కాదండీ, ఈ కొండకి డాక్టరు లేకపోవడాన్ని."

అదే మాట చెప్పి, అసలు డాక్టర్ని పంపమని పైకి పద్దెనిమిది ఉత్తరాలు రాశాడు. పర్మనెంటు ఆశ పోయింది. దోమలు పట్టడానికి ఇంకెవరూ రాక, టెంపరరీయే మరో ఆరునెలలు పొడిగించారు.

వానలు పట్టాక భాస్కరరావు అనే అసలు డాక్టరు జీపు దిగాడు. ఘాట్ మలుపులకి కడుపులో తిప్పి, అదే జీపులో వెనక్కి పోయేలా ఉన్నాడు. సర్వేశ్వరరావు అతనికి అల్లం నీళ్లు తాగించి, కప్పు కారని తన గది ఇచ్చేసి, తన మంచం దోమల పెట్టెల మధ్యకి లాక్కున్నాడు. దొంగ సంతకం పెట్టనన్న మనిషి, "ఇక్కడ జలగలుండవు," అని ఒట్టేసి చెబుతూ, ఆ డాక్టరు మడమ మీదున్నదాన్ని మెల్లగా ఊడదీసి కిటికీలోంచి పారేశాడు.