అన్ని బస్తాలకూ ఒకే తూకమట

ఈ రోజు గురజాలలో మిర్చి కాటా దగ్గర నాకు ఒళ్లు మండిపోయింది. మా బాబాయి మిరపకాయల బస్తాలు ఆటోలో వేసుకుని వెళ్లాం. మిర్చి కొనే షావుకారు అన్నిటికంటే వదులుగా ఉన్న బస్తా ఒక్కటి కాటా మీద పెట్టించాడు. అంకె నిలబడక ముందే దింపించి, మిగతావాటికీ అదే తూకం అన్నాడు.

నిన్న చదివిన సైన్సు కరపత్రం గుర్తొచ్చి నేను ఊరుకోలేదు. వైరస్ అంత బరువుండే అయాన్లను, అంటే విద్యుదావేశమున్న కణాలను, తూచే శాస్త్రవేత్తలు సరాసరిని నమ్మరనీ, ఏ రెండూ ఒక్కలా ఉండవు కనుక ఒక్కోదాన్నీ మిషన్‌లో పట్టి, అటూ ఇటూ తిప్పుతూ పదే పదే కొలిచి తప్పు తగ్గిస్తారనీ చెప్పాను.

"కంటికి కనపడని దానికి అంత తూకం ఏందబ్బాయ్? పనిలేనోళ్లు!" అన్నాడు.

"కళ్లెదురుగా ఉన్న బస్తానే తూచలేవు, వాళ్లను అనేదేంది షావుకారూ?" అన్నాను.

చుట్టూ ఉన్న రైతులు నవ్వేసరికి రోషం వచ్చి, ప్రతి బస్తా విడిగా తూయించాడు. ఆయన చెప్పినదానికంటే ఎక్కువే తేలింది. గెలిచామనుకున్నాను. ఆ ఎక్కువంతా "విడిగా తూచిన కూలి" కింద కోసేశాడు!

"పోనీలేరా, మళ్లీ ఏడు ఈయన దగ్గరికే రావాలిగా" అంటూ బాబాయి ఆయనకు దండం కూడా పెట్టాడు.

అక్కడెవరో కనపడని అయాన్‌కు అన్యాయం జరగకుండా కష్టపడుతున్నారు. ఇక్కడ కోసినవాడిని అసహ్యించుకోవాలో, కోయించుకుని దండం పెట్టినవాడినో నాకు తేలడం లేదు. మీ ఊరి కాటా దగ్గర ఈ కోతకు ఏం పేరు పెట్టారో కింద రాయండి.