సాక్షి సంతకం కోసం మళ్లీ ఎడిన్‌బర్గ్‌కి

ఈసారి నేను ఎడిన్‌బర్గ్ వెళ్లింది కోట చూడటానికి కాదు, మా తమ్ముణ్ణి కడిగిపారేయడానికి. రైళ్లు, బస్సులు, ఛార్జీలు అన్నీ రాస్తాను, వెళ్లేవాళ్లకు పనికొస్తాయి. కానీ ఎందుకు వెళ్లానో ముందు చెప్పాలి. మంగళవారం నాకు ఆఫ్. వారం రోజుల నర్సు యూనిఫామ్‌లు మెషీన్‌లో వేస్తుంటే ప్లాయ్ ఫోన్ చేసింది. ప్లాయ్‌ది థాయ్‌లాండ్. మా తమ్ముడు సుధీర్ బ్యాంకాక్‌లో ప్రాజెక్టు మీద ఉన్నప్పుడు పరిచయమైంది. రెండేళ్లు అక్కడే కలిసి ఉన్నారు. ఆరేళ్ల కిందట ఇద్దరూ ఎడిన్‌బర్గ్ వచ్చారు. తను ముసలివాళ్లను చూసుకునే ఒక కేర్ హోమ్‌లో పనిచేస్తుంది. తెలుగు సుధీర్ దగ్గర, గోంగూర పచ్చడి నా దగ్గర నేర్చుకుంది. ఎప్పుడు ఫోన్ చేసినా "తిన్నారా వదినా?" అని మొదలుపెట్టే మనిషి ఆ రోజు, "మిమ్మల్ని ఇంకా వదినా అని పిలవొచ్చా?" అని అడిగింది.

"మరింకేమని పిలుస్తావే పిచ్చిదానా, ఏమైంది?" అన్నాను. సంగతి నిదానంగా చెప్పింది. థాయ్ పాస్‌పోర్ట్‌లో మా ఇంటిపేరు పెట్టించుకుందామని లండన్‌లో వాళ్ల ఎంబసీకి వెళ్లిందట. పెళ్లి సర్టిఫికెట్ చూపిస్తే, ఇది చర్చి వాళ్లు ఇచ్చిన కాగితం, రిజిస్ట్రార్ ఇచ్చింది పట్టుకురండి అన్నారట. అలాంటిది లేదు. ఎప్పుడూ లేదు. "సాక్షి దగ్గర మీ పేరుంది వదినా. మీరు నిజంగానే సంతకం పెట్టారు కదా? నాకు పెళ్లయిందా, కాలేదా?" అని అడిగింది.

ఐదేళ్ల కిందట ఆ పెళ్లికి నేనే చీర కొన్నాను. ఎడిన్‌బర్గ్‌లో ఆదివారాలు మన తెలుగు ఫెలోషిప్ వాళ్లు ప్రార్థనకు అద్దెకు తీసుకునే కమ్యూనిటీ హాల్లో జరిగింది. పెళ్లికి రెండు వారాల ముందు ప్లాయ్ బాప్తిస్మం తీసుకుని గ్రేస్ అని పేరు పెట్టించుకుంది. ఆంధ్రా నుంచి సభలకు వచ్చిన పాస్టరుగారు ప్రార్థన చేశారు, సుధీర్ తాళి కట్టాడు, రంగుల సర్టిఫికెట్ మీద నేనూ, ఫెలోషిప్ పెద్ద ఒక అంకుల్ సాక్షులుగా సంతకాలు పెట్టాం. మా వైపు లైసెన్సున్న పాస్టరుగారి రిజిస్టర్‌లో సంతకం పడిందంటే పెళ్లి అయినట్టే, వేరే ఆఫీసు గడప తొక్కే పని లేదు. ఆ ధీమానే సూట్‌కేసులో పెట్టుకుని ఇక్కడికీ తెచ్చుకున్నాం. స్కాట్లాండ్‌లో అలా కుదరదు. పెళ్లికి ముందే ఇద్దరూ రిజిస్ట్రార్‌కి నోటీసు ఇవ్వాలి. రిజిస్ట్రార్ ఇచ్చిన పత్రం చేతిలో లేకుండా ఏ పాస్టరూ పెళ్లి చేయకూడదు. హాలు నిండా జనం ఉన్నాం, అందరికీ బిర్యానీ మీదే ధ్యాస. తెలియక జరిగిన తప్పయితే ఫోన్లోనే తేల్చేసేదాన్ని. కానీ మొబైల్ కాంట్రాక్టు కూడా ప్రతి లైనూ చదివి సంతకం పెట్టే సుధీర్‌కి ఇది తెలియదంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. అందుకే శుక్రవారానికి టికెట్ కొని, వస్తున్నానని వాడికి మెసేజ్ పెట్టాను.

మిల్టన్ కీన్స్‌లో మా ఇంటి నుంచి స్టేషన్‌కి పది నిమిషాల డ్రైవ్. రెండు రోజులు కారు అక్కడ పెడితే పార్కింగ్ తడిసి మోపెడవుతుందని క్యాబ్ మాట్లాడుకున్నాను, తొమ్మిది పౌండ్లయింది. డ్రైవర్‌ది రావల్పిండి, పెద్దాయన. ఇంత పొద్దున్నే ఎక్కడికి సిస్టర్ అంటే, తమ్ముణ్ణి తిట్టడానికి ఎడిన్‌బర్గ్ వెళ్తున్నానన్నాను. "ఫోన్లో తిట్టొచ్చుగా, అంత దూరం ఎందుకు?" అన్నాడు. "ఫోన్లో అయితే కట్ చేస్తాడు" అన్నాను. ఆయన రౌండెబౌట్ దగ్గర బండి ఆపి మరీ నవ్వాడు. ఏడూ నలభైకి రైలు, ప్రెస్టన్‌లో మారాలి, మారడానికి ఇరవై నిమిషాల టైం ఉంది. రెండు రోజుల ముందు బుక్ చేస్తే ఒకవైపుకే డెబ్బై నాలుగు పౌండ్లు పడింది. మీరు మూడు నాలుగు వారాల ముందే చూసుకుంటే చాలా తగ్గుతుంది. లాంకాస్టర్ దాటాక ఎడమవైపు కాసేపు సముద్రం, ఆ తర్వాత గొర్రెల కొండలు కనిపిస్తాయి కాబట్టి ఎడమవైపు కిటికీ సీటు అడగండి.

నేను మాత్రం కిటికీలోంచి చూసింది తక్కువ. ఎక్కిన అరగంటకే సుధీర్ ఒక లింక్ పంపాడు, "అక్కా, వచ్చేలోపు ఇది చదువు, నీకే అర్థమైద్ది" అని. పరాయి దేశాల్లో స్థిరపడ్డ మగవాళ్ల గ్రూపు అది. థాయ్ భాగస్వామిని చట్టప్రకారం పెళ్లి చేసుకోవాలా వద్దా అన్నది చర్చ. తెల్లవాళ్లున్నారు, మనవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఊళ్లో పెద్దల ముందు థాయ్ పెళ్లి పద్ధతిలో చేతికి దారం కట్టించుకుంటే వాళ్లు తృప్తి పడతారు, ఆఫీసు దాకా వెళ్లొద్దు అని ఒకడి సలహా. సంతకం పెట్టావంటే ఇల్లు సగం పోయినట్టే అని ఇంకొకడు. చదువుతుంటే ఒళ్లు మండిపోయింది. ఒక్కడంటే ఒక్కడు ఆ అమ్మాయినే అడిగి చూడు అని రాయలేదు. బజార్లో సెకండ్‌హ్యాండ్ కారు కొనేటప్పుడు కూడా ఎదుటి మనిషితో మాట్లాడతారు కదా. కొండలొచ్చాయి, పోయాయి. డబ్బాలో తెచ్చుకున్న పులిహోర కూడా సహించలేదు.

పన్నెండున్నరకు వేవర్లీ స్టేషన్‌లో దిగాను. అక్కడి మెట్లెక్కి పైకొస్తే ప్రిన్సెస్ స్ట్రీట్. సుధీర్ ఫ్లాట్ లీత్ వైపు. కోపంలో ఎదురుగా కనిపించిన స్టాప్‌లో నిలబడి, వచ్చిన బస్సు ఎక్కబోయాను. డ్రైవర్ ఎక్కడికని అడిగి, "ఇది ఊరవతలికి పోతుందమ్మా, లీత్‌కైతే రోడ్డుకి అటువైపు నిలబడాలి" అని చెయ్యి చాపి చూపించాడు. వెనక క్యూలో ఉన్నవాళ్లు విసుక్కోకుండా దారిచ్చారు. టికెట్ రెండు పౌండ్ల పైచిలుకు, కార్డు ఆనిస్తే చాలు, ఇరవై నిమిషాల్లో చేరిపోతారు.

తలుపు ప్లాయ్ తీసింది. కళ్లు వాచి ఉన్నాయి గానీ వంట మాత్రం ఆపలేదు. తులసాకు వేసిన చికెన్, అన్నం బల్ల మీద పెట్టి ఉన్నాయి. సుధీర్‌కి ఇంటి నుంచే పని. నన్ను చూసి హెడ్‌ఫోన్స్ తీశాడు.

"అక్కా, ముందు కూర్చో. అంత దూరం నుంచి వచ్చావు."

"కూర్చోటానికి రాలా. రిజిస్ట్రార్ పేపర్ లేదని నీకు ముందే తెలుసా, తెలియదా? ఒక్కమాట చెప్పు."

"పెళ్లప్పుడు నిజంగా తెలీదక్కా. ఆ గ్రూపు ఈ మధ్యే చూశా. పాస్టరుగారు చేస్తే అయిపోయిద్దనుకున్నా. మన దగ్గర అంతేగా?"

ఒక్క క్షణం నమ్మాను. నమ్మాలని నాకూ ఉంది, తోడబుట్టినవాడు కదా. ఈలోపు ప్లాయ్ లోపలికెళ్లి ఒక ఫైలు తెచ్చి అన్నం గిన్నె పక్కన పెట్టింది. మూడేళ్ల కిందట తన వీసా పొడిగించుకోవడానికి పెట్టిన అప్లికేషన్ కాపీ అది. వివరాలన్నీ సుధీర్ నింపాడు, వాడు చూపించిన చోట ప్లాయ్ సంతకం పెట్టింది. వాళ్లిద్దరి సంబంధం ఏమిటన్న చోట 'అన్‌మ్యారీడ్ పార్ట్‌నర్' అని ఉంది. అంటే తాళి కట్టిన రెండేళ్లకు, పెళ్లి కాలేదని ప్రభుత్వానికి ఉన్నది ఉన్నట్టు రాసిన మనిషి, ఇంట్లో మాత్రం అయిందని నమ్మించాడు.

"దీని అర్థమేంటని ఆ రోజు అడిగాను వదినా," అంది ప్లాయ్. "వీసా వాళ్లు అందరికీ అదే మాట వాడతారని చెప్పాడు."

సుధీర్ ఫైలు మూసి పక్కకు జరిపాడు. "ఆఫీసులో ఒకాయన భయపెట్టాడక్కా. ఆయన వైఫ్‌ది కూడా థాయ్‌లాండే. డివోర్స్ అయితే ఇల్లు పోయిందంట. సరే కొన్నాళ్లు చూసి చేద్దాంలే అనుకున్నా."

"కొన్నాళ్లంటే ఎన్నాళ్లురా? ఆమె మతం మార్పించావు, పేరు మార్పించావు, దేశం మార్పించావు. మెళ్లో తాళి కట్టావు. ఆమె వైపు మార్చాల్సినవన్నీ అయ్యాక, నీ వైపు ఒక్క సంతకానికి చెయ్యి రాలేదా? భయమైతే భయమని ఆమెకి చెప్పి ఏడవాల్సింది. నన్నెందుకు పిలిచావు సాక్షిగా? నా చేత దొంగ సంతకం పెట్టించడానికా?"

అప్పుడు వాడన్న మాట ఈ బ్లాగులో రాయకుండా దాటేద్దామనుకున్నాను. కానీ వాణ్ణి అబద్ధాలకోరు అని తిట్టి నేను దాచుకుంటే మర్యాదగా ఉండదు. "నీకు మాత్రం తెలీదా అక్కా? పెళ్లి రోజు నువ్వే అడిగావు, గవర్నమెంట్ పేపర్ ఏదిరా అని. తర్వాత వస్తదిలే అంటే సరేనని వడ్డనకి వెళ్లిపోయావు. మళ్లీ ఎప్పుడన్నా అడిగావా?" అన్నాడు.

అడగలేదు. వార్డులో ఒక్క మాత్ర ఇవ్వాలన్నా పేషెంట్ చేతి పట్టీ రెండుసార్లు చదివే మనిషిని. మా మరదలి జీవితానికి సాక్షి సంతకం పెట్టి, కాగితం వచ్చిందా అని ఐదేళ్లలో ఒక్కసారీ అడగలేదు. పెళ్లి ఫొటోలు బాగా వచ్చాయి, నాకది చాలింది. ప్లాయ్ నా వైపు చూసింది. తల కొట్టేసినట్టయింది. "తప్పు నాదీ ఉందమ్మా" అన్నాను.

తను కోప్పడలేదు. సుధీర్‌తోనే మాట్లాడింది, తెలుగులోనే, నిదానంగా. "పెళ్లి చేసుకోను అని ఆ రోజే చెప్పుంటే నేను ఉండేదాన్నేమో. వెళ్లిపోయేదాన్నేమో. ఏదో ఒకటి నేను అనుకునేదాన్ని. నువ్వొక్కడివే అనుకున్నావు, ఇద్దరి కోసం."

ఇద్దర్నీ తినేసి రిజిస్ట్రార్ దగ్గరికి బయల్దేరమన్నాను. నోటీసు ఫారాలు ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. కానీ వాడు మనిషి ముందు నిలబడి అడగాలని నా పట్టుదల. సుధీర్ మధ్యాహ్నం మీటింగ్ రద్దు చేసుకున్నాడు. ముగ్గురం మళ్లీ బస్సెక్కి మూడున్నరకల్లా రిజిస్ట్రార్ ఆఫీసుకి చేరాం. కౌంటర్లో నెరిసిన జుట్టున్న ఆవిడ మర్యాదగా మాట్లాడి రెండు ఫారాలిచ్చింది, ఇద్దరూ చెరొకటి నింపాలి. ప్లాయ్ పేరు, పుట్టిన ఊరు రాసింది. తర్వాత వైవాహిక స్థితి అన్న గడి వచ్చింది. పెన్ను ఆగిపోయింది.

"ఇక్కడ నేనేం రాయాలి?" అని ఆవిడనే అడిగింది. ఆవిడకు సంగతి చెప్పాం. ఆవిడ గొంతు తగ్గించి, "చట్టం లెక్కన మీకు పెళ్లి కాలేదమ్మా, సింగిల్ అనే రాయాలి" అంది.

ప్లాయ్ పెన్ను కింద పెట్టి, రెండో ఫారం సుధీర్ వైపు జరిపింది. "ముందు నువ్వు రాయి. నేను చూస్తాను." వాడు రాశాడు. ఆ గడి దాకా వచ్చాడు. ఐదేళ్లుగా తన పక్కన భార్యననుకుంటూ కూర్చున్న మనిషి చూస్తుండగా సింగిల్ అని రాశాడు. ప్లాయ్ దాన్ని అక్షరం అక్షరం చదివింది. తర్వాత తన ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

"నింపి తెస్తానో, తేనో నాకు తెలీదు. ఎప్పుడని అడగొద్దు. ఈసారి నువ్వు ఆగు" అంది.

ఒక్కరి ఫారంతో పని జరగదు, రెండూ ఉండాలి అని కౌంటర్లో ఆవిడ సుధీర్‌కి వివరంగా చెప్పింది. వాడు కళ్లు తుడుచుకున్నాడు. నాకు జాలి కలగలేదు, ఉన్నమాట రాస్తున్నాను. మర్నాడు పొద్దున తొమ్మిదింటి రైలుకి ప్లాయ్ నాతో మిల్టన్ కీన్స్ వచ్చేసింది. కేర్ హోమ్ డ్యూటీల రోటాలో తనకు వారం సెలవు దొరికింది.

బ్యాంకాక్‌లో, సింగపూర్‌లో ఉద్యోగాలు చేసే తెలుగు కుర్రాళ్లు కొందరు ఈ బ్లాగు చదువుతారని నాకు తెలుసు. థాయ్ భాగస్వామిని చట్టప్రకారం పెళ్లి చేసుకోవాలా అని అడిగితే నా జవాబు, చేసుకోండి. ఇష్టం లేదా, ఆ మాట ఆమె మొహం మీదే చెప్పండి. కాగితం లేకుండా కలిసుందామని ఇద్దరూ అనుకుంటే దాన్ని తప్పుపట్టడానికి నేనెవర్ని? కానీ ఒకరు తాళి వేసుకుని కాపురం చేస్తుంటే, రెండోవాళ్లు ఎప్పుడైనా లేచి వెళ్లిపోవడానికి వీలుగా తలుపు తీసి పెట్టుకుని కూర్చోవడం జాగ్రత్త కాదు, దొంగతనం. అది చూస్తూ ఊరుకున్న మాలాంటి అక్కలకూ, ఆంటీలకూ, అంకుల్స్‌కూ అందులో వాటా ఉంది. ఇది రాస్తున్నప్పుడు కూడా నా కోపం తగ్గలేదు, సగం సుధీర్ మీద, సగం నా మీద.

ఇక వెళ్లేవాళ్లకు పనికొచ్చే మాట ఒకటి. స్కాట్లాండ్‌లో పెళ్లికి కనీసం ఇరవై తొమ్మిది రోజుల ముందు ఇద్దరి నోటీసులూ రిజిస్ట్రార్‌కి అందాలి, రెండు నెలల ముందే ఇచ్చేస్తే హడావిడి ఉండదు. మిమ్మల్ని సాక్షిగా పిలిస్తే, పాస్టరుగారి చేతిలో రిజిస్ట్రార్ ఇచ్చిన పత్రం ఉందో లేదో కళ్లారా చూశాకే పెన్ను తీయండి. లేకపోతే సంతకం పెట్టకండి, తర్వాత వస్తుందిలే అని చెప్పేవాడు మీ సొంత తమ్ముడైనా సరే.