తోక ముందు గీసిన కణాలు

నేనొక చెడ్డపని చేశాను. తెలియక కాదు, తెలిసే చేశాను. ఇరవై ఆరేళ్ల వయసులో, బుద్ధిగా కుర్చీలో కూర్చుని మరీ చేశాను.

అప్పట్లో సికింద్రాబాద్‌లో ఎవర్ని కదిపినా సాఫ్ట్‌వేర్ మాటే. నాతో చదివినవాళ్లు మెడలో ఐడీ కార్డులు వేసుకుని క్యాబులెక్కుతుంటే, నేను ల్యాబులో ఎలక మెదడు ముక్కలు చూస్తూ ఉండేదాన్ని. శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగానికొచ్చి పద్మారావు నగర్‌లో స్థిరపడ్డ మా నాన్న, చుట్టాలడిగితే "మెదడు మీదేదో సేస్తంది లెండి" అని మాట మార్చేసేవాడు.

ల్యాబులో నాకు మూడేళ్లు సీనియర్ ఒకామె ఉండేది. సీతాఫల్‌మండి నుంచి నడిచొచ్చేది. నేను అక్కా అనేదాన్ని. ఆమె పని నాడీకణాలను గీయడం. మైక్రోస్కోపు కింద రంగెక్కిన కణం కనిపిస్తుంది. దాని కొమ్మల వెంట మౌసుతో చుక్క తర్వాత చుక్క పెట్టుకుంటూ పోతే, ప్రతి చుక్క ఎక్కడుందో కంప్యూటర్ వరసగా అంకెల్లో రాసుకుంటుంది. ఒక్కో కణానికి వారం పట్టేది. అలా ఇరవై ఎనిమిది గీసింది. అవే ఆమె థీసిస్.

మేమందరం ముందు పొట్టి కొమ్మలు గీసి, కిందికి పోయే సన్నటి పొడుగు పోగును చివర్న గీసేవాళ్లం. దాన్ని తోక అనేవాళ్లం. ఆమె తోకతోనే మొదలుపెట్టేది. ఎందుకని అడిగితే, పొద్దున కళ్లు తాజాగా ఉన్నప్పుడే సన్నది గీసెయ్యాలని చెప్పింది. ఆ చెయ్యి నాకు లేదు. ఎవరొచ్చినా మా గైడ్ సారు ఆమె గీసిన కణాలే చూపించేవారు. నాకు కడుపుమంట.

అలాంటప్పుడు విదేశాల నుంచి ఒక మెయిలొచ్చింది. ల్యాబుల దగ్గరున్న ఇలాంటి ఫైళ్లన్నీ పోగుచేసి, ఎవరైనా తీసుకునేలా నెట్‌లో ఉచితంగా పెడతారట. మన కష్టం ఊరందరికీ పంచిపెట్టడమేంటని సారు గునిశారు. అక్కే ఒప్పించింది. బీరువాలో మూలుగుతున్న కణాలు పదిమందికీ పనికొస్తే మంచిదే కదా అంది.

మెదడు ముక్క ఎండితే పలచబడుతుంది. అందుకని గీసినదాని లోతును మూడుతో గుణించాలి. అక్క ఫైళ్లన్నీ బయటికి తీశాక చేత్తో గుణించేది. ఆమె ఫైళ్లు తీసి పంపడానికి వారం ముందు నేను, నా పని సులువవుతుందని, ఫైలు తీసేటప్పుడే గుణించేలా ప్రోగ్రాంలో పెట్టి ఆమెకు చెప్పడం మర్చిపోయాను. ఇంతవరకూ పొరపాటే.

ఫైళ్లు నెట్‌లోకెక్కి నెల తిరక్కుండా ఎవరో పరాయిదేశపు పరిశోధకుడు మర్యాదగా రాశాడు. మీ కణాలు, అవి ఉన్న ముక్క కంటే ఎత్తుగా ఉన్నాయేమిటి అని. సారు ఆ మెయిలును అందరి ముందూ చదివారు.

"నేను ఒక్కసారే గుణించిన సార్," అంది అక్క. "రెండోది యాడికెల్లి వచ్చిందో సమజైతలేదు."

నాకు అప్పటికే సమజయింది. బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను. అందరూ టీకి వెళ్లినప్పుడు ప్రోగ్రాంలో నేను పెట్టింది తీసేశాను. తర్వాత అక్క వచ్చి ఎంత వెతికినా ఏం దొరుకుతుంది? తప్పెలా వచ్చిందో చెప్పలేనివాళ్ల అంకెల్ని నమ్మేదెలా అండీ, మళ్లీ మొదట్నించి గీయాల్సిందే అన్నారు సారు. మూడుతో భాగిస్తే సరిపోయేది. గోటితో పోయేదానికి గొడ్డలి పడుతుంటే చూస్తూ కూర్చున్నాను. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది.

ఆమె ఫెలోషిప్ గడువు ఆ నెలతో అయిపోయింది. ఇంట్లో జీతం కావాలి. చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అమెరికా డాక్టర్ల మాటలు టైపుకొట్టే ఉద్యోగంలో చేరింది. నెట్‌లోంచి ఆమె ఫైళ్లు తీసేశారు. స్లైడులు నాకిచ్చి మళ్లీ గీయమన్నారు.

నేనొక్క చుక్క గీయలేదు. ఆమె ఫైళ్లు తెరిచి లోతును మూడుతో భాగించాను. ఇరవై ఎనిమిదికీ ఒక్క మధ్యాహ్నం పట్టింది. తర్వాత ఏడాదిన్నర మైక్రోస్కోపులో కళ్లు పెట్టి కూర్చుని గీస్తున్నట్టు నటించాను. డాక్టరేట్ వచ్చింది. కణాలు మళ్లీ నెట్‌లోకి వెళ్లాయి, ఈసారి నా పేరుతో.

ఒక ఆదివారం అక్క మా ఇంటికి ఫోన్ చేసింది. అమ్మ బాగుందా అని అడిగాక, నెమ్మదిగా అసలు మాటకొచ్చింది. "నీ ఫైళ్లు తెరిచి చూసిన. అన్నిట్ల తోకనే ముందుగాల ఉంది."

"నీ దగ్గరే కదక్కా నేర్చుకున్నాను, నీలాగే గీశాను," అన్నాను. తడుముకోలేదు కూడా.

అక్క ఇంకొకటి అడిగింది. "పదకొండోదాంట్ల ఒక కొమ్మ సగంల ఆగి, మల్ల ఆఖర్న పూర్తయితది. ఆ దినం మా అమ్మ పడిపోయిందని ఫోనొస్తే లేచి పోయిన. నువ్వు సుత ఆడనే ఆపినవా?"

నేను రిసీవర్‌ను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"నా పేరు పెట్టుమని అడుగుతలేను. ఎవలకు చెప్ప గూడ చెప్ప. వరుస మాత్రం మార్చకు. నా చెయ్యి గట్లనే ఉండనీ."

సరే అక్కా అన్నాను.

మర్నాడు అందరికంటే ముందే ల్యాబుకు వెళ్లాను. మొదట పదకొండోది తెరిచి, సగంలో ఆగిన కొమ్మను అతికించాను. తర్వాత ఒక్కో ఫైల్లో తోకను చివరికి జరిపాను. చుక్కలన్నీ ఎక్కడివక్కడే, వరుస మాత్రం మారింది. సరిచేసిన ప్రతులని చెప్పి ఇరవై ఎనిమిదీ నెట్‌లో పెట్టేవాళ్లకు పంపాను.

వారంలో జవాబొచ్చింది. పంపేసిన ఫైళ్లను ఇంత శ్రద్ధగా మళ్లీ సరిదిద్దేవాళ్లు అరుదని రాశారు. సారు ఆ మెయిలును అందరి ముందూ చదివారు.