వీధి కిటికీలో ఫోను

కాట్రేనికోనలో మా పక్కింటి మామ్మగారు మొన్న మంగళవారం పొద్దున్న కాలం చేశారు. ఆవిడ గురించి నాలుగు మాటలు రాయాలంటే ముందు వాళ్ళింటి ఫోను గురించి చెప్పాలి.

ఆ రోజుల్లో ఫోనున్నవాళ్ళు దాన్ని హాల్లో స్టూలు మీద పెట్టి, పైన అల్లిక గుడ్డ కప్పి, కొందరైతే తాళం కూడా వేసుకునేవారు. మామ్మగారు వీధి కిటికీలో పెట్టారు. ఊచల మధ్య నుంచి రిసీవరు అందిస్తే అరుగు మీద నిలబడి మాట్లాడుకోవచ్చు. లోపలికి రావడానికి మొహమాటపడేవాళ్ళు ఉంటారు కదా అనేవారు. మస్కట్‌లో పనిచేసే మా నాన్న, శుక్రవారం సెలవు కాబట్టి, ఆ మధ్యాహ్నమే చేసేవారు. మామ్మగారు గోడ మీంచి కేకేస్తే అమ్మ తడి చేతులతోనే పరిగెత్తేది.

ఒక శుక్రవారం జల్లు కొట్టి కిటికీ తడుస్తోందని ఆవిడ ఫోనుకి తువ్వాలు చుట్టి లోపలి గదిలో పెట్టి, వెనక వసారాలో నడుం వాల్చారు. మోగింది. లేచి వెళ్ళేసరికి ఆగిపోయింది.

సాయంత్రం మా గుమ్మంలోకి వచ్చి తనే చెప్పారు.

"మీ ఆయనే అయ్యుంటాడమ్మా. నేను అందుకోలేకపోయేను."

దాచేస్తే ఎవరికీ తెలిసేది కాదు. ఆవిడకి దాచడం చేతకాదు.

నాన్న మళ్ళీ చేయలేదు. ఆ పని మానేసి ఎటో వెళ్ళిపోయారని అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. అంతకుమించి ఎవరికీ తెలియదు. చాలాకాలం ఆవిడ మీద నాకు పిచ్చి కోపం ఉండేది.

ఆ తర్వాత మామ్మగారు శుక్రవారాలు ఇల్లు కదల్లేదు. సొంత చెల్లెలి మనవరాలి పెళ్ళికి కూడా మండపేట వెళ్ళలేదు. ఇంటింటికీ సెల్లులొచ్చినా, లైను నెలల తరబడి మూగబోయినా, కనెక్షన్ తీయించలేదు. ఎందుకండీ ఈ చాదస్తం, ఆయన చేయరు అని ఒకసారి విసుక్కున్నాను.

"మీ నాన్నకి తెలిసింది ఈ నంబరొక్కటేరా," అన్నారు.

సిగ్గేసింది. ఆశ మాత్రం కలగలేదు.

నిన్న అమ్మా నేనూ పలకరించడానికి వెళ్ళాం. మామ్మగారి కూతురు కాసేపు తటపటాయించి, ఫోను తీయించేయమంటారా అండీ అని అమ్మనే అడిగింది.

"ఆయ్. తీయించేయండి," అంది అమ్మ చివరికి.

ఇంటికొచ్చి తలస్నానం చేసింది. కుంకుమ భరిణె చేతిలో పట్టుకుని అద్దం ముందు నిలబడింది. ఎంతసేపటికీ మూత తీయలేదు.