మా ఇంట్లో పేనిన మార్తెనిత్సలు

బల్గేరియాలో మార్చి ఒకటో తేదీన ఎరుపూ తెలుపూ దారాలు కలిపి పేని, కొసలకు కుచ్చులు కట్టి, అయినవాళ్ళ చేతులకు కడతారు. వాటిని మార్తెనిత్సలంటారు. తొంభైల చివర్లో ఈ సంగతి ధర్మవరంలోని మా ఇంటికి తెచ్చింది పుట్టపర్తిలో ఉంటున్న ఒక బల్గేరియా ఆమె. అక్కడున్న తన దేశస్థులకు పంచడానికి పట్టుతో, చేత్తో చేసినవే కావాలంది. ఆమె మాటలు మాకు తెలుగులో చెప్పింది ఆటో డ్రైవరు.

నేను మగ్గాలకు పడుగు లెక్క కట్టేవాణ్ణి. ఎవరూ నేర్పలేదు, చూసి చూసి పట్టుబడింది. పురి ఎక్కితే దారం ఎంత కురచవుతుందో చూసుకుని కొలతకు కోసిచ్చాను. పేనింది నా భార్య.

ఫిబ్రవరి ఆఖరి రోజు పొద్దున్నే బల్గేరియా ఆమె డ్రైవరుతో వచ్చింది. పేనినవి పెట్టిన పళ్ళెం చూడగానే ఆమె ముఖంలో నవ్వు ఆగిపోయింది. తెల్ల దారాలన్నీ పచ్చగా ఉన్నాయి.

"ఇదేందక్కా, తెలుపు యాడ పోయె?" అన్నాడు డ్రైవరు.

"పసుపు ముట్టీకుండా వట్టి తెల్లదారం ఆడోళ్ళ చేతికి ఎట్ల కడతారప్పా?" అంది నా భార్య.

అతను బల్గేరియా ఆమెతో మాట్లాడి, "తెలుపు మంచుకు గుర్తంట, ఎరుపు ఆరోగ్యానికంట. తెలుపు లేకుంటే అది మార్తెనిత్సే కాదంట. రేపే పంచాల" అన్నాడు.

నా భార్య ముఖం వాడిపోయింది. పట్టుకెక్కిన పసుపు ఉతికితే పోదు. తెల్ల పట్టు అయిపోయింది. మిగిలిందల్లా చీర కోశాక మగ్గం మీద ఉండిపోయిన తెల్ల పడుగు కొసలు. వాటిని వేళ్ళతో కొలిచి చూశాను.

"కుచ్చు రవంత కురచ చేస్తే చాలుతాయి."

"చాలకపోతే?"

"నా లెక్క ఎప్పుడన్నా తప్పిందా?"

"మన పెండ్లి పందిట్లో గుంజలు తక్కువైంది ఎవురి లెక్కయ్యా?"

డ్రైవరు పకపకా నవ్వాడు. అప్పటికే నా భార్య కింద కూర్చుని, తొడమీద దారం పెట్టి అరచేత్తో పురి ఎక్కిస్తోంది. బల్గేరియా ఆమె పక్కనే చతికిలబడి కుచ్చులు కట్టసాగింది. ఒకరి మాట ఒకరికి తెలియదు. పురి సడలితే మాత్రం ఇద్దరూ ఒకేసారి "ఊఁహూఁ" అనేవారు. మధ్యాహ్నానికి పళ్ళెం నిండింది. కొసలు సరిపోయాయి. అంత బిగువైన పురి నేను ఏ మగ్గం దగ్గరా చూడలేదు.

ఆమె మొదటిది తీసి నా భార్య చేయి అడిగింది. తెలుపు చూసి ఒక్క క్షణం తటపటాయించినా, చేయి చాపింది. చెట్టు పూసేదాకా ఉంచుకుని, తర్వాత విప్పి ఆ కొమ్మకే కట్టాలని డ్రైవరు చెప్పాడు.

వీధిలో ఎవరడిగినా, "నేను పేనినవి బల్గేరియా వాళ్ళంతా కట్టుకోనుండారు" అని మణికట్టు ఎత్తి చూపేది. వేప పూత రాగానే చెట్టు చూపించి గుర్తుచేశాను.

"ఇంగా బాగా పూయలేదులే" అని చేయి కొంగులో దాచుకుంది.