తొమ్మిది మందికి తొమ్మిది మంది

మా జట్టు నాకౌట్ దశకు ఎందుకు చేరలేకపోయిందో ఒక పుటకు మించకుండా వ్రాసి ఇమ్మని క్లబ్బువారు నన్నడిగి నాలుగు నెలలు కావస్తున్నది. నలభై ఏళ్లపాటు పిల్లలకు వ్యాకరణమూ ఛందస్సూ చెప్పినవాణ్ణి. ఒక పుట వ్రాయడం నాకు బరువు కాదు. అయినా ఆ కాగితం ఇంకా నా బల్ల మీదనే ఉన్నది. మూడుసార్లు వ్రాశాను, మూడుసార్లు చింపాను. వ్రాసిన ప్రతిసారీ కారణం వేరైంది.

ఉద్యోగ విరమణ తరువాత నేను ఎర్రగుంట్లలో స్థిరపడ్డాను. ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకు ఎవరూ ఎదురు చెప్పని పెద్దమనిషి ఒకడు గౌరవాధ్యక్షుడుగా కావలసివచ్చి నన్ను పట్టుకున్నారు. ఆ ఆటలో బంతిని చేతితో తాకరాదన్న ఒక్క నియమమే నాకప్పటికి తెలుసు. గోల్‌కీపరును చూసిన తరువాత అదీ సందేహాస్పదమైంది. క్రమంగా సాయంకాలాలు మైదానం అంచున పరచిన నాపబండ మీద కూర్చుని ఆట చూడడం నాకు నిత్యవిధి అయిపోయింది.

జట్టు మంచిది. ఈ మాటలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. ఫార్వర్డు నాపరాళ్లకు పాలిష్ పట్టే యూనిట్‌లో పనిచేసే పొడవాటి యువకుడు. బంతి అతని పాదం దగ్గరకు వచ్చిందంటే ఎదుటి జట్టువారు ముందే ఒక అడుగు వెనక్కి వేసేవారు. కెప్టెన్ సిమెంటు ఫ్యాక్టరీకి బూడిద తోలే ట్యాంకరు లారీకి డ్రైవరు. ముప్పై నాలుగేళ్లవాడు. వేగం తగ్గింది గాని, ఎవరు ఎక్కడికి పరుగెత్తబోతున్నారో ఆ పరుగెత్తేవాడికంటె ముందు అతనికి తెలిసేది. పద్యంలో యతిస్థానం వెతకకుండానే తగిలే కవికి ఉండే చెవి వంటిదేదో అతని కాలికి ఉన్నది.

అతనికి ఒకే ఒక కోరిక. పన్నెండేళ్లుగా ఆడుతున్నాడు, ఆడినదంతా గులకరాళ్ల నేల మీదనే. లీగులో మొదటి నాలుగు జట్లు కర్నూలుకు వెళ్లి నాకౌట్ ఆడతాయి. అక్కడి మైదానంలో గడ్డి ఉంటుంది. "ఒక్కపారి ఆ పచ్చగడ్డి మీద ఆడాల అయ్యవారూ. మోకాలు ఇంగ ఒక్క సంవత్సరం కూడా ఇయ్యదు," అని సీజను మొదట్లోనే నాతో అన్నాడు. ఎడమ మోకాలికి కట్టిన పట్టీ అప్పటికే అతని శరీరంలో ఒక భాగమైపోయింది.

చివరి ఆట మా మైదానంలో, కోయిలకుంట్ల జట్టుతో. అప్పటికి మూడు జట్లు ఖాయమైనాయి. నాలుగో స్థానానికి మేమూ రాయచోటివాళ్లూ పోటీ. వాళ్ల ఆటలన్నీ ముగిశాయి. మేము ఈ ఆట గెలిస్తే పాయింట్లు సమానమవుతాయి. అప్పుడు గోల్స్ తేడాను చూస్తారు గనుక మూడు గోల్స్ ఆధిక్యంతో గెలవాలి, రెండు చాలవు. కోయిలకుంట్ల జట్టు పట్టికలో అట్టడుగున ఉన్నది. మూడు గోల్స్ మాకొక లెక్కలోనివి కావు. ఈ సంగతి కోచ్ నాకు ఆ ఉదయమే రెండుసార్లు చెప్పాడు. నాకు తెలియదని ఇప్పుడు అనలేను.

సాయంత్రం నాలుగింటికి వాళ్ల జీపు వచ్చింది. దిగినవాళ్లు తొమ్మిది మంది. వాళ్ల కెప్టెన్, ఇరవై రెండేళ్లుంటాయేమో, నేరుగా మా కెప్టెన్ దగ్గరకు వచ్చాడు.

"అన్నా, ఇద్దరు మోటర్‌సైకిల్ మీద వస్తా ఉండిరి. జమ్మలమడుగు కాడ చైను తెగిందంట. ఇప్పటికి తొమ్మిది మందిమే ఉండాము. మీరు పదకొండు మందీ దిగండి, ఏం కాదు."

రిఫరీ కూడా అదే అన్నాడు, నియమం ప్రకారం ఆట ఆడించవచ్చునని. మా కోచ్ రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, నియమమంటే ప్రాణం. "రూలు ఉండాది కదప్పా, ఇంగేం?" అని విజిల్ వేయమన్నట్టు చెయ్యి ఊపాడు. మా కెప్టెన్ మాత్రం కదలలేదు. కాసేపు ఆ తొమ్మిది మందినీ చూసి, నడుచుకుంటూ నా దగ్గరకు వచ్చాడు.

"అయ్యవారూ, మీరు చెప్పండి. వాళ్లు తొమ్మిది మందే వచ్చినారు. మనం పదకొండు మంది దిగితే బాగుంటాదా?"

నేను వెనుకాడకుండా చెప్పాను. సమానుల మధ్య జరిగేదే పోరు అన్నాను. ఆయుధం జారినవాడి మీద బాణం వేయని వీరులను గురించి జీవితమంతా పాఠం చెప్పిన నోరు అది. ఇంకొక మాట దానికి తోచలేదు. మూడు గోల్స్ సంగతి ఆ క్షణాన నా మనస్సులో ఉన్నదా లేదా అన్నది ఈ నాలుగు నెలల్లో నేను తేల్చుకోలేని మొదటి ప్రశ్న.

కోచ్ రెండు చేతులూ జోడించాడు. "మీకు దండం పెడతా అయ్యవారూ. మూడు గోల్లు గావాల మనకు. మీ ధర్మం రెండు గోల్లకాడ నిలబడిపోతే దాన్ని కర్నూలు దాకా ఎవురు మోస్తారు?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కెప్టెన్ నవ్వలేదు. ఆ కుర్రవాడి వైపు తిరిగి, "మేమూ తొమ్మిది మందే దిగుతాం. ఎవురు కూచోవాల్నో నువ్వే చెప్పబ్బీ. పంచినోడు ఏరుకోగూడదు," అన్నాడు.

ఈ చివరి మాట మా సీమలో ఇంటింటి ఆచారం. అన్నదమ్ములు వేరుపడేటప్పుడు పెద్దవాడు వాటాలు వేస్తాడు, చిన్నవాడు ముందుగా ఏరుకుంటాడు. మా నాయన పోయిన తరువాత ఆయన పుస్తకాలను మా అన్న రెండు కుప్పలుగా పేర్చి నన్ను ఏరుకోమన్నాడు. నేను కోరిన నిఘంటువు ఎడమ కుప్పలో ఉన్నది, ఎడమదే తీసుకున్నాను. నేనది కోరుతానని తెలిసే ఆయన దానిని మంచి కుప్పలో పెట్టాడో, లేక మంచి పుస్తకాలన్నీ తనకు మిగిలేటట్లు ఆ ఒక్కదానినే ఎరగా పెట్టాడో ఈనాటికీ నాకు తెలియదు. ఆచారం న్యాయాన్ని కాపాడుతుంది గాని, మనస్సులను విప్పి చూపదు.

కోయిలకుంట్ల కుర్రవాడు కొంత సిగ్గుపడ్డాడు. తరువాత మా ఫార్వర్డును చూపించాడు.

"నేనెందుకబ్బీ? నాకేం కాళ్లు వాచినాయా?" అన్నాడు ఫార్వర్డు.

"నీకు వాచలేదు మామా. నువ్వు ఆడితే మాకు వాస్తాయి!"

రెండు జట్లూ గొల్లుమన్నాయి. ఆ నవ్వు ఆగకముందే ఆ కుర్రవాడు మా కెప్టెన్ మోకాలి పట్టీ వైపు చూశాడు. "నువ్వు కూచోన్నా. మోకాలు వాచింది, చూస్తాండా. పెద్దోనివి, నీడన కూచో."

మొదటిది తెలివి అని ఒప్పుకుంటూనే చెప్పాడు. మరి రెండవది? గొంతులో గౌరవమే వినిపించింది. కెప్టెన్ ఒక్క క్షణం నిలబడి, చేతికి కట్టుకున్న కెప్టెన్ పట్టీని విప్పి గోల్‌కీపరుకు ఇచ్చి, వచ్చి నా పక్కన నాపబండ మీద కూర్చున్నాడు.

ఆట మొదలైన పదిహేను నిమిషాలకు మావాళ్లు ఒక గోలు వేశారు. హాఫ్ టైమ్ తరువాత రెండవది. ఆపైన ఏమైందో ఆట తెలిసినవారు చెప్పవలసిందే. బంతి ఎప్పుడూ వాళ్ల గోలు ముందరే ఉన్నది, గోలు మాత్రం కావడం లేదు. ఫార్వర్డు నిలబడవలసిన చోటు ఖాళీగా ఉన్నది. అలవాటుచేత మావాళ్లు బంతిని ఆ ఖాళీలోకే పంపుతూ వచ్చారు.

ఇరవై నిమిషాలు మిగిలి ఉండగా రోడ్డు మీద సిమెంటు లారీ ఒకటి ఆగింది. అందులోనుంచి మోటర్‌సైకిల్ వదిలేసి వచ్చిన ఆ ఇద్దరూ దిగి పరుగున వచ్చారు. జీపు చాటున జెర్సీలు వేసుకుని బూట్లకు తాళ్లు కట్టసాగారు. నా పక్కన కెప్టెన్ కూడా వంగి తాళ్లు బిగించాడు. ఫార్వర్డు అప్పటికే లేచి గీత దగ్గర నిలబడ్డాడు. వాళ్లు పదకొండు మంది అయితే మేమూ పదకొండు మంది అవుతాము. ఇందులో ఎవరూ ఎవరికీ చెప్పవలసినది లేదు.

కోయిలకుంట్ల కెప్టెన్ అది చూశాడు. బంతి బయటికి పోయిన సందులో గీత దాకా వచ్చి, తనవాళ్లిద్దరికీ చెయ్యి చూపించాడు, కూర్చోండని.

"ఎందుకన్నా? వచ్చినాం గదా!" అన్నాడు వాళ్లలో ఒకడు.

"తొమ్మిది మందని మాట అనుకున్న్యాం. నడుమ మార్చేది ల్యా."

వాళ్లు కూర్చున్నారు. మా కోచ్ పరుగున వచ్చి కెప్టెన్ భుజం పట్టి ఊపాడు. "మాట లేదు, గీట లేదు. దిగు! రిఫరీని నేను అడుగుతా. దిగప్పా!"

"వాళ్లు దింపలేదు గదా సార్," అన్నాడు కెప్టెన్.

"వాళ్లకేం! చిట్టచివర ఉండారు. పోయేది మనకు!"

కెప్టెన్ బూట్ల మీదికి వంగాడు. కట్టిన తాళ్లను మళ్లీ విప్పాడు, ఒక్కొక్క కన్నంలో నుంచి మెల్లగా. చివరి నిమిషంలో మావాడు తన్నిన బంతి గోలు స్తంభానికి కొట్టుకున్న చప్పుడు నా చెవిలో ఇప్పటికీ ఉన్నది. రెండు గోల్స్ తేడాతో గెలిచాము. గెలిచినవాళ్లు తలలు వంచుకున్నారు, ఓడినవాళ్లు నవ్వుతూ చేతులు కలిపారు. ఏర్పాటు ప్రకారం అందరికీ ఉగ్గానీ బజ్జీలూ పెట్టాము. ఆ కుర్రవాడు ఆకలిగా తిని, నా కాళ్లకు దండం పెట్టి జీపెక్కాడు.

అతడు తనవాళ్లను ఎందుకు దింపలేదు? దింపితే మా ఇద్దరూ వస్తారని భయపడ్డాడందామా, అట్టడుగు జట్టుకు ఇంకొక గోలు పడితే పోయేదేముంది? మాట కోసమే ఆగాడందామా, ఆ మాట వల్ల నష్టపడేది మేమేనని అతనికి తెలియదా? పట్టిక అందరి ఫోన్లలోనూ ఉన్నది. అతడు చేసిన పని మంచిదో కాదో తేలకపోతే, దానిని కారణమని వ్రాయడానికి నా కలం సాగడం లేదు.

కోచ్‌ను అడిగితే కారణం నేనేనంటాడు. గౌరవం తగ్గించకుండానే అంటాడు, అదే కష్టం. ఫార్వర్డు మరొకటి చెప్పాడు. "రాయచోటితో ఆడినప్పుడు పెనాల్టీ నేను ఆకాశానికి తన్నితి కదా అయ్యవారూ. అది లోపలికి పోయింటే ఈ తిప్పలే ల్యాకుండె. మీరెందుకు మీ మీద ఏసుకుంటారు?" అదీ నిజమే. ఒక గోలు ఎక్కడ తగ్గిందని వెతికితే ఏడు ఆటల్లో ఏడు చోట్ల తగ్గినట్టు కనబడుతుంది.

చివరకు లారీలు ఆగే చోటికి వెళ్లి కెప్టెన్‌నే అడిగాను. టైర్లను ఇనుపరాడ్డుతో తట్టి చూసుకుంటున్నాడు. ఆ రోజు నన్నెందుకు అడిగావన్నాను.

"మీరు పదకొండు మందినీ ఆడమంటారనే అడిగినా అయ్యవారూ." రెండు టైర్లు తట్టిన తరువాత మళ్లీ అన్నాడు. "ఇప్పుడు అట్ల అనిపిస్తాండాది. ఆ పొద్దు ఏమనుకుంటినో."

"మోకాలు నిజంగానే నొప్పిగా ఉండిందా?"

"ఉండింది. లేకున్నా కూచునేవాన్నే." రాడ్డు కింద పెట్టాడు. "ఉన్నందుకే కూచుంటినేమో. చెప్పేకి రావడంల్యా."

నాకు అతడు దాస్తున్నట్టు తోచలేదు. నాకు తెలియనిది అతనికీ తెలియదు, అంతే.

నాకౌట్ ఆటలు చూడడానికి ఇద్దరమూ బస్సులో కర్నూలు వెళ్లాము. రాయచోటివాళ్లు బాగానే ఆడారు, అయినా మొదటి ఆటలోనే ఓడిపోయారు. జనం వెళ్లిపోయాక కెప్టెన్ గీత దగ్గరకు నడిచాడు. చెప్పులు విడిచి, వాటిని చేత పట్టుకుని, ముందు కుడికాలు, తరువాత ఆ ఎడమకాలు గడ్డి మీద పెట్టాడు. వేళ్లతో నొక్కి చూశాడు. మరొకరు పరిచిన బండలను మేస్త్రీ చూసే చూపు అది.

"మెత్తగా ఉండాది," అన్నాడు. కొంతసేపటికి, "మనకు ఈడ అయ్యేది కాదేమో అయ్యవారూ. బంతి ఉరకదు. రాళ్ల మీద నేర్చినోల్లం. వచ్చింటే మనమూ మొదటి ఆటలోనే పోయేవాళ్లమేమో."

నన్ను ఓదారుస్తున్నాడా, తనను తాను ఓదార్చుకుంటున్నాడా, లేక ఆట తెలిసినవాడు నేలను చూసి చెప్పిన నిజమా? అతని ముఖంలో వెతికాను. ఏమీ దొరకలేదు.

"అయితే అదే కారణమని వ్రాయనా?" అన్నాను.

"రాసుకోండి. ఏదైనా రాసుకోండి. ఆ కోయిలకుంట్ల పిల్లోడు నన్ను కూచోమన్న్యాడని మాత్రం రాయొద్దు. వాడు మాట పడతాడు. నేనే కూచున్న్యానని రాయండి."

అంతలో కాపలాదారు దూరంనుంచి ఈల వేసి బయటికి రమ్మని చెయ్యి ఊపాడు. కెప్టెన్ వెంటనే కదలలేదు. నడి మైదానంలోని గుండ్రటి గీత దాకా పోయి, దాన్ని ఒకసారి చుట్టి, తిరిగి వచ్చాడు. ఎడమకాలు కొంచెం ఈడుస్తున్నాడు. గడ్డి అయిపోయి సిమెంటు బాట వచ్చిన తరువాత కూడా చెప్పులు వేసుకోలేదు. గేటు దాకా వాటిని చేతిలోనే పట్టుకుని నడిచాడు.