మళ్ళీ ఎల్ బోర్డు

నా భర్త బండి తోలడం మానేసింది కెంచార్లహళ్ళి దగ్గర. చింతామణిలో చింతపండు, కందిబేడలు వేసుకుని బాగేపల్లిలోని మా అంగడికి వస్తున్నాం. ఉన్నట్టుండి స్టీరింగు మీది నుంచి ఆయన చేతులు జారిపోయాయి. వ్యాను రోడ్డు దిగి, దున్నిన చేనులో కూరుకుని ఆగింది. ఇద్దరికీ దెబ్బలు తగల్లేదు. ఒంట్లో చక్కెర బాగా పడిపోయిందన్నారు ఆస్పత్రిలో.

"మందులు కుదురుకునేదాకా బండి ముట్టుకోవద్దప్పా," అని డాక్టరు చెప్పారు.

అంగడికి సరుకు ఎవరు తేవాలి? డ్రైవరును పెట్టుకునేంత వ్యాపారం కాదు మాది. నలభై దాటాక నేనే నేర్చుకున్నాను. మొదటి టెస్టులో వెనక్కి తీస్తూ కంబాన్ని కొట్టాను. రెండోసారి లైసెన్సు వచ్చింది. ఆ రోజు ఇంట్లో అందరూ సంతోషపడ్డారు. నాకు మాత్రం ఇంకొక పని నెత్తిన పడ్డట్టే అనిపించింది.

చీకటితోనే లేచి వంట చేసి, చింతామణికి తోలుకుపోయి, సరుకు తెచ్చి, మధ్యాహ్నం నుంచి అంగట్లో కూర్చునేదాన్ని. ఆయన పక్క సీట్లో ఉండేవారు. మొదట్లో ప్రతి మలుపులో ఏదో ఒకటి చెప్పేవారు. "క్లచ్చి మీంద కాలు తియ్యి. ముందర బస్సు ఉండాది, కనిపిస్తాందా?" కొన్నాళ్ళకు చెప్పడం మానేసి కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. ఆ మౌనమే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది.

ఏళ్ళు గడిచాయి. చక్కెర అదుపులోకి వచ్చింది, ఇక తోలవచ్చని డాక్టరు రాసిచ్చారు. ఆ కాగితం పట్టుకుని చిక్కబళ్ళాపురం ఆర్.టి.ఓ. ఆఫీసుకు పోయాం.

కిటికీ వెనక ఉన్నామె పాత లైసెన్సును తిప్పి చూసింది. "దీని గడువు అయిపోయి ఏడాది దాటిందప్పా. ఊరికే రిన్యూవల్ కాదు. ఎల్ఎల్ఆర్ తీసుకుని మళ్ళా టెస్టు ఇయ్యల్ల."

"ఇరవై ఏండ్ల వయసు నుంచి తోలినవాణ్ణమ్మా నేను."

"అయినా అంతేనప్పా. రూల్సు."

ఆయన బెంచీ మీద కూర్చుని నీళ్ళు తాగారు. ఎల్ఎల్ఆర్ కోసం ఒకసారి పోతే సర్వర్ డౌన్ అన్నారు. ఇంకోసారి పోతే ఫోటో తీసే మనిషి రాలేదు. పోయిన ప్రతిసారీ అంగడి మూతే.

చివరికి వ్యానుకు ఎర్ర ఎల్ అంటించాం. లైసెన్సు ఉన్నవాళ్ళు పక్కన ఉండాలి కాబట్టి నేను కూర్చున్నాను. పక్క అంగడాయన నవ్వాడు. "ఏమప్పా, ఇప్పుడు నేర్చుకుంటాండావా?"

"అవునప్పా, మా ఇంట్లో ఆమె నేర్పిస్తాండాది," అన్నారు ఆయన. నవ్వుతూనే అన్నారు కానీ చెవులు ఎర్రబడ్డాయి.

టెస్టులో ఎనిమిది అంకె బాగానే తిప్పారు. ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలించేటప్పుడు ఇంజను ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు వయసులో చిన్నవాడు. "నిదానమప్పా, ఎవరూ తరుముకుంటాండ్లేదు," అన్నాడు. ఆయన ఊపిరి పీల్చుకుని మళ్ళీ కదిలించారు. ఈసారి బండి ఎక్కింది.

లైసెన్సు కార్డు పోస్టులో వచ్చాక, గూళూరులో ఒక చిన్న అంగడికి సరుకు వేయడానికి ఇద్దరం బయల్దేరాం. హంపు వచ్చిన ప్రతిచోటా నా కాలు అక్కడ బ్రేకు ఉన్నట్టు కింద రేకును తొక్కుతోంది. ఆయన గమనించారు.

"భయమైతాందా?"

"భయం కాదండీ. శానా అలుపుగా ఉండాది."

"అట్లయితే కండ్లు మూసుకో."

"ఏమన్నా తేడాగా అనిపిస్తే బండి ఆపేస్తారు కదా?"

"ఆపేస్తాలే. పండుకో."

ఎంత దూరం పోయామో తెలియదు. లేచేసరికి ఆయన సరుకు దించి, నా కోసం టీ తెచ్చి పట్టుకుని నిలబడి ఉన్నారు.

ఇప్పుడు చింతామణికి ఒకసారి ఆయన, ఒకసారి నేను పోతున్నాం. ఆయన పోయిన రోజు, చేరుకున్నానని ఫోను వచ్చేదాకా నాకు ముద్ద దిగదు. అయినా ఆ రోజు పొద్దున ఇంకాస్త సేపు పడుకుంటాను.